అంగడి నాడు వచ్చే మేడం

బోధన్ దగ్గరి ఊరి బడిని చూసి, నిజామాబాద్ నుంచి వచ్చిన ఆఫీసరు జీపు వైపు నడుస్తుంటే, వరండాలో కూతురిని కూర్చోబెట్టుకున్న తల్లి పిలిచింది.

"సారూ, పిల్లల కాళ్ళకు కసరత్తు చేయించే మేడం ఇగ మా ఊరికి రాదంట?"

"వచ్చేటి పిల్లలే లేరమ్మా. అందుకే వచ్చే నెల నుంచి బోధన్‌లనే కూసోమంటున్నం."

"ఎట్లొస్తరు సారూ? మా ఇండ్లు బడికి దూరం, ఆటో ఎక్కాలె. మేడం మంగళారం వస్తది. మంగళారమే మా ఊళ్ళె వారం అంగడి."

"అంగడి నాడైతే ఆటోలు మస్తు తిరుగుతయని నేనే ఆ రోజు పెట్టించిన."

"తిరుగుతయి. గంపలు, కోళ్ళు, మేకపిల్లలు ఎక్కుతయి. మా సౌందర్యకు మోకాళ్ళు వంగవు, చాపుకొని కూసుంటది. ఇద్దరి జాగ పడుతదని ఎక్కనియ్యరు. మేకకున్న ఇజ్జత్ మాకు లేదు."

"మిగతా రోజులు ఆటోలే తక్కువ గదా?"

"తక్కువే, గని ఖాళీగుంటయి."



"ఇయ్యాల ఎట్లొచ్చిండ్రు?"

"మీరొస్తున్నరని తెలిసి ఎత్తుకొచ్చిన. పిల్ల పెరుగుతుంది సారూ, ఇగ నాతోని కాదు."

"పాండ్రి, జీపుల దింపిపోత."

"ఇయ్యాల్టికి దింపుతరు. వచ్చే వారం మీరుంటరా? ముందుగాల మేడం వచ్చే రోజు మార్పియ్యుండ్రి."

జీపు తలుపు మీద చెయ్యి వేసి, ఆయన ఫోను తీశాడు.

"మేడం, బోధన్ మాట పక్కకు పెట్టుండ్రి. ఇగ బుధవారం బుధవారం ఇక్కడికే రావాలె."

ఆయన ఫోను పెట్టేసేదాకా ఆమె కదల్లేదు. తర్వాత వంగి కూతురిని ఎత్తుకుంది.

"ఇగ దింపుండ్రి సారూ."