ఆల్తేయాలో కొనని ఇల్లు

చలి తక్కువుండే పరదేశపు ఊరు ఆల్తేయాలో, సముద్రపుటొడ్డున కాఫీ కొట్టు గొడుగు కింద ఆ ముసలి ఇంగ్లీషు దంపతులు చెప్పులు విప్పేసి కూలబడ్డారు. కొండమీది ఇల్లు చూసి అప్పుడే దిగివచ్చారు. భార్య మారీన్‌కు దగ్గు కాస్త తెరిపిచ్చింది.

"దీనికేం వంక పెడతావు, క్లైవ్?"

"మెట్లెక్కువ."

"మొన్న దేనియా ఊళ్లో చూసినదానికి మెట్లు లేవుగా?"

"అక్కడ గాలెక్కువ."

"పోనీ, అంతకుముందు చూసిన నెర్హా?"

"అక్కడంతా మన ఇంగ్లీషోళ్లే. ఆ మాత్రానికి ఇంత దూరం రావాలా?"

"ఇంకో చలికాలం మనూళ్లో గడిపితే నా ఊపిరితిత్తులు తట్టుకోవని డాక్టరన్నాడు. నువ్వూ విన్నావు."

"విన్నాను. అందుకేగా ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాం."

"తిరగడమే అవుతోంది. కాళ్లరిగిపోయాయి. అసలు సంగతి చెప్పు."

క్లైవ్ చల్లారిన కాఫీని చెంచాతో కలిపాడు.

"మనం ఇక్కడికొచ్చేస్తే హెదర్ సమాధి మీద గడ్డి పీకేదెవరు?"

మారీన్ కోపం చప్పున దిగిపోయింది. చిన్నతనంలోనే పోయిన కూతురి పేరు అతని నోట విని ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తులేదు.

"ఈ మాట మొదటి ఊళ్లోనే అనొచ్చుగా!"

"నువ్వలా ఆయాసపడుతుంటే ఏ నోటితో అనను?"

ఆమె కుర్చీ దగ్గరగా జరుపుకుంది.

"ఇల్లు కొనొద్దులే. చలికాలం ఇక్కడ అద్దెకుందాం. చలి తగ్గగానే హెదర్ దగ్గరికి పోదాం."

"మరి చలికాలమంతా అక్కడ గడ్డి?"

"పిచ్చివాడా, చలికాలంలో గడ్డి పెరగదు."