తమ్మునికి ఎయ్యని ఓటు

"అవ్వా, ఆదోని సభల్లో నువ్వు మైకు కాడికి పోయినావంట కదా. అమ్మ చెప్పింది. మొదట్నుంచి చెప్పు, ఫోన్లో రికార్డు పెట్టినా."

పెట్టినావా? ఉండు, ఈ కట్టుడు పల్లసెట్టు సరిజేసుకోనీ. లేకుంటే నా మాట నాకే అర్థం కాదు.

ఇది మొన్నటేడు. కాదు కాదు, పోయినేడే. మీ అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది సూడు, ఆ యేడు. మన బాప్టిస్టు సంఘాలన్నిటికీ ఏటేటా మహాసభలు పెడతారు కదా, మూడు దినాలు. ఆ యేడు ఆదోనిలో పెట్టినారు. ఎమ్మిగనూరు సంఘం నుంచి అయిదు మందిమి ప్రతినిధులం. నలుగురు మొగోల్లు, నేనొగదాన్ని. స్త్రీల సమాజం తరపున నన్ను పంపించినారు. యాలంటే నాకి సదువొస్తాది, మోకాల్లు ఇంగా ఆడతాండాయి. అంతకంటే గొప్పేమీ లేదులే.

ఆ యేడు వాక్యం కంటే ఎలక్షన్ ముచ్చటే ఎక్కువ. ప్రెసిడెంటు పదవికి. ఒగ పక్క నిలబడింది ఎవరు? మీ దానేలు తాత. నా తోడబుట్టినోడు. ఆదోనిలోనే పాస్టరు కదా, అప్పటికే రెండు తూర్లు ప్రెసిడెంటు చేసినాడు, మూడో తూరికి నిలబడినాడు. ఇంగొగ పక్క దేవనకొండ పాస్టరు సామేలు. సన్నపిల్లోడు, నలభై కూడా ఉండవు. మోటారుసైకిలు మింద ఊరూరు తిరిగి నల్లగ మాడిపోయి ఉంటాడు.

మీ తాతను సాకింది నేనే, నీకు తెలుసో లేదో. వాడు నాలుగేండ్లోడు, అప్పుడే మా అమ్మ పోయింది. నాకి పన్నెండు. మా నాయిన మగ్గం గుంతలో కూచుంటే ఇంగ లేసేది లేదు. వానికి తల దువ్వింది నేను, అన్నం తినిపించింది నేను. వానికి పదేండ్లు వచ్చినాక ఇద్దరం ఒగే దినం మాధవరం కాడ తుంగభద్రలో బాప్తిస్మం తీసుకుంటిమి. నీల్లు శానా సల్లగున్న్యాయి. వాడు నా పైట పట్టుకోని ఇడ్సడు. "అక్కను ఇడుసు నాయినా, దేవుడు పట్టుకుంటాడు" అన్న్యాడు అయ్యగారు. "ముందు దేవున్ని పట్టుకోమను, అప్పుడు ఇడుస్తా" అన్న్యాడు వీడు! గట్టు మింద ఉన్న్యోల్లంతా ఒగటే నవ్వు.

ఆ... యాడున్న్యా? సభలు. నా సన్నప్పుడు ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సు రూపాయి. అది కూడా ఎక్కువని మా నాయిన పత్తి లారీ ఎక్కించేవాడు. ఈ తూరి అట్ల కాదు, మీ తాత కారేసుకోని ఇంటి ముందరికే వచ్చినాడు. దావలో అంటాడు గదా, "అక్కా, నిన్ను ఓటడిగే పని లేదు కదా" అని. "నా ఓటు యాడికి పోతాది రా" అన్న్యా. నిజంగానే అన్న్యా. అప్పుడు నా మనసులో వేరేది ఏమీ లేదు.

సభల కాడ పెద్ద శామియానా. పొద్దున్నే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి. ఆదోని ఉగ్గాని అంటే ఉగ్గానే మరి, మనూర్లో యాడొస్తాది ఆ రుచి. మీ తాత పక్కోల్లు టీ తెచ్చిస్తారు, సామేలు పక్కోల్లు బిస్కెట్లు తెచ్చిస్తారు. ఎవర్దీ కాదనలే నేను. రెండూ తిన్న్యా.

రెండో దినం మద్యాన్నం బువ్వ కాడ నా పక్కన ఒగామె వచ్చి కూచునింది. మార్తమ్మ అని, హాలహర్వి సంఘం. నాకంటే పదేండ్లు సిన్నది. రొంత తినింది. మల్ల మెల్లగ, "అక్కా, నువ్వు ప్రెసిడెంటు గారి అక్కవంట కదా" అనింది. ఏదో సిఫారసు అడిగేకి వచ్చిందిలే అనుకున్న్యా. కాదు.

ఆమె మొగుడు ఎండాకాలంలో పోయినాడంట. వాల్ల పాస్టరయ్య సచ్చిపోయి రెండేండ్లయింది, ఆయప్ప జాగాలో మల్ల ఎవర్నీ ఎయ్యలే. మొగుడు పోయిన దినం పొద్దున్నే మీ తాతకు ఫోన్ చేసిందంట. "పాస్టరును పంపిస్తానమ్మా" అన్న్యాడంట. మద్యాన్నమాయె, ఎవరూ రాలే. సాయంత్రమాయె, ఎవరూ రాలే. ఇంగ పక్కింటి ఖాసీం సాబు వచ్చి, "అమ్మా, ఈ ఎండకు ఇంగ పెట్టుకోకూడదు. గుంత మా పిల్లోల్లు తీస్తారు. ప్రార్థన మటుకు మీది మీరు చేసుకోండి" అన్న్యాడంట. పాపం, సాబులే గుంత తవ్వినారు. ఈమె పక్కన నిలబడి కీర్తన చెప్పిందంట.

"రోజూ చెప్పేదే అక్కా. ఆ దినం సగంలో మర్సిపోయినా. సగం ప్రార్థనతోనే పంపించినా ఆయప్పను" అనింది.

చేతిలో ముద్ద ఇస్తరాకులో పెట్టేసినా, పాపా.

"నీ తమ్మునికి ఓటెయ్యద్దు అనేకి రాలేదక్కా. అడుగు. మేమడిగితే ఎవరూ ఇనరు, నువ్వడిగితే ఇంటాడు" అని చెప్పి, ఇస్తరాకు మడుసుకోని లేసిపాయె.

ఆ మద్యాన్నమే ఎలక్షన్‌కు నిలబడినోల్లు ఇద్దరూ మాట్లాడినారు. మీ తాత బాగా మాట్లాడతాడు, వానికి గొంతుంది. అంతా అయినాక, ఎవరన్నా అడిగేదుంటే అడగండి అన్న్యారు. నేను లేసినా. ఆ మైకేమో ఏ పొడుగుమనిసికో పెట్టింది, నా నెత్తి మింద ఉండాది. ఎవరో వచ్చి వంచితే కుయ్యిమని అరిసింది. అందరూ నవ్విరి. నేనూ నవ్వినా. ఆ నవ్వుతో రొంత ధైర్యం వచ్చింది.

"ప్రెసిడెంటు గారూ" అన్న్యా. వాన్ని గారూ అని పిలిసింది బతుకులో అదే మొదలు. "హాలహర్విలో ఒగ ఇశ్వాసి పోతే మట్టి చేసేకి పాస్టరు రాలేదు. మీకు ఫోన్ చేసినారు. ఎందుకు పంపలేదు?"

వాడు నా దిక్కు సూసినాడు. "ఆ దినం కర్నూల్లో కమిటీ ఉండె అక్కా... అమ్మా. ఒగాయనకు చెప్పినా. ఆయప్ప పోలేదని నాకు తరవాత తెలిసింది."

"సరే. తెలిసినాక మీరన్నా పోయినారా?"

ఎనక నుంచి ఎవడో "టైమైపోయింది, కూచో అమ్మా" అని అరిసినాడు. నేను కూచోలే. మీ తాత కాగితాలు ఇట్ల తిప్పినాడు, అట్ల తిప్పినాడు. మల్ల, "పోలేదు" అన్న్యాడు.

అబద్ధం చెప్పలే, సూడు. నేను సాకిన పిల్లోడే కదా.

మూడో దినం ఓట్లు. ఇస్కూలు గదిలో బెంచీల ఎనక నిలబడి, రెండు పేర్లుంటే ఒగదానికి టిక్కు పెట్టాల. పెన్ను పట్టుకోని ఎంతసేపు నిలబడినానో, "అమ్మా, అయిందా?" అని బయట నుంచి పిలుస్తాండారు. తమ్ముడని ఏస్తే మార్తమ్మ మొగం సూసేదెట్ల? ఎయ్యకుంటే వాని మొగం సూసేదెట్ల? దేవుడా అనుకోని సామేలు పేరుకి టిక్కు పెట్టినా. మడిసినా. మడిసినాక మల్ల ఇప్పి సూసుకున్న్యా, నా చెయ్యే పెట్టిందా ఇది అని.

మూడోట్లతో ఓడిపోయినాడు మీ తాత. మర్యాదగానే ఉన్న్యాడు. సామేలును కౌగిలించుకున్న్యాడు, వాని నెత్తి మింద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినాడు. ఆ తరవాత పలావు ప్లేటు తీసుకోని నా కాడికి వచ్చి కూచున్న్యాడు.

"అక్కా, మూడే ఓట్లు. ఇద్దరు ఇటు ఏసింటే నేను గెలిసింటి. ఆ ఇద్దర్లో నువ్వున్న్యావా?"

చీటీ మింద పేరుండదు కదా. అబద్ధం చెప్తే అడిగేవాడు ల్యాడు. కానీ నోరు తిరగలే.

"ఉన్న్యా రా" అన్న్యా.

ప్లేటు ఆడే పెట్టి లేసి పాయె. కారూ పాయె. నేను మనోల్లతో కలిసి బస్సెక్కినా. ఆ నలుగురిలో ఇద్దరు ఓడినామని మాట్లాడలే, ఇంగిద్దరు గెలిసినా నా ముందర నవ్వేకి భయపడి మాట్లాడలే. కోడుమూరు దాకా... థూ, కోడుమూరు యాడొస్తాది ఆ దావలో! ఎమ్మిగనూరు దాకా ఒగరూ నోరిప్పలే.

రెండు నెలలు మాటల్లేవు. ఫోన్ చేస్తే మా మర్దలు ఎత్తి, "ప్రార్థనలో ఉన్న్యాడు వదినా" అంటాది. ఇంత ప్రార్థన చేసేవాడు కాదే మావాడు అనుకుంటి. నవ్వుతాండావా? నేను అప్పుడు నవ్వలే. పండుకుంటే వాడు సన్నప్పుడు ఏడ్సింది గుర్తుకొస్తాండె.

ఒగ ఆదివారం సాయంత్రం మార్తమ్మ ఫోన్ చేసింది. "అక్కా, మీ తమ్ముడు వచ్చినాడు. ఒగడే వచ్చినాడు. మా ఆయప్ప సమాధి కాడికి తోలుకపొమ్మన్న్యాడు. నేను ఆ దినం ఇడిసిపెట్టిన కీర్తన మొత్తం చదివినాడు" అనింది. ఇంగేం చెప్పిందో నాకి ఇనపడలే.

ఇంగో నెలకు మనింటికి వచ్చినాడు. ఏం జరగనట్లే వచ్చి, "రొట్టె చేసినావా?" అన్న్యాడు. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం పెట్టినా.

"అక్కా, పదవి పోయినాక బీపీ తగ్గింది. డాక్టరు ఒగ మాత్ర తీసేసినాడు."

"అయితే ఆ డాక్టరు కంటే నేనే మేలు" అన్న్యా. వానికి పొలమారింది నవ్వుకు.

ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు, ఆదోనిలో ఆరాధన అయిపోతానే హాలహర్వికి పోతాడంట. "పదకొండు మందే వస్తారక్కా. ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు సంఘాల లెక్క తెలుసు నాకు, మనుసుల పేర్లు తెల్లే. ఇప్పుడు అందరి పేర్లూ వస్తాయి" అన్న్యాడు. "యాడ, చెప్పు" అన్న్యా. నోట్లో రొట్టె పెట్టుకోనే ఒగొగ పేరూ చెప్పుకుంటా వచ్చినాడు. పదో పేరు కాడ ఆగిపాయె. నమిలి నమిలి, ఆ సూరు దిక్కు సూసి సూసి, "సుగుణమ్మ!" అన్న్యాడు. ఆ మొగం, పాపా... రెండు తూర్లు ప్రెసిడెంటుగా గెలిసి వచ్చినప్పుడు కూడా నేను సూడలే ఆ మొగం.

సాలు, ఇంగ ఆపు. తల ఇట్ల వంచు. దేవుడు నీకు ఆయుస్సు ఇయ్యాల, కంటి నిండుగ నిద్ర ఇయ్యాల. నువ్వు యాడున్న్యా, నీ పేరు పెట్టి పిలిసేవాల్లు నలుగురుండాల తల్లీ. పో, మీ అమ్మ పిలుస్తాండాది...