పనిచేసేవాళ్ళ కాలేజీ

పదకొండేళ్ళు కుట్టుమిషన్ తొక్కిన ఆవిడ సాయంత్రపు కాలేజీ ఆఫీసు కిటికీ ముందు నిలబడింది.

"హాల్ టికెట్ ఇవ్వండి సార్."

"పనిచేస్తున్నట్టు మీ ఓనరు లెటరేదమ్మా?"

"పోయిన వారమే తీసేశాడండీ. రోజూ ఐదింటికల్లా క్లాసుకి పరిగెడుతున్నానని."

"అయితే ఇవ్వం. ఈ కాలేజీ పనిచేసేవాళ్ళకే. పగటి కాలేజీలో చేరండి."

"పాతికేళ్ళు దాటితే అక్కడ తీసుకోరుగా! నాకు నలభై రెండు. మీరే ఏదో దారి చూపించండి సార్, మీకు పుణ్యముంటుంది."

గుమాస్తా తల గోక్కున్నాడు.

"ఇక్కడే ఓ పని ఖాళీ ఉంది. చేరితే లెటరు నేనే ఇస్తా."

ఆవిడకు ప్రాణం లేచి వచ్చింది.

"ఏ పనైనా చేస్తానండీ!"

"సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది. పరీక్షలప్పుడు సెలవులుండవు. వరండా ఊడ్చేటప్పుడు మాత్రం చప్పుడు చెయ్యకూడదు, లోపల పరీక్ష రాసుకుంటుంటారు."