తొమ్మిదో నెంబరుకి వెండి రంగు

డయలు తిప్పింది నేనే బాబాయ్.

ఇదిగో, అనేశా. ఈ మాట ఇంతవరకూ అద్దంలో నా మొహానికి కూడా చెప్పుకోలేదు. నీ పళ్ళ మధ్య దారం కొస ఉంది, వెంటనే తిట్టలేవు, అందుకని నీకు చెప్తున్నా. తియ్యకు, దారం అలాగే ఉండనీ. మోటార్లు చుట్టేవాళ్ళకి సగం పుణ్యం నోరు మూసుకోవడం వల్లే వస్తుందట.

అలా చూడకు మరి! నేనేమీ ఒప్పుకోడానికి రాలేదు. ఒక్క కాగితం రాయించుకుని పోదామని వచ్చా. నోరు జారింది, అంతే.

నీకు తెలియంది కాదు. మా అట్టపెట్టెల ఫ్యాక్టరీలో బెల్టుల్ని లాగే గేర్ మోటార్లు పన్నెండు. తొమ్మిదో నెంబరు ఇదిగో, నీ బల్ల మీద పొట్ట చీల్చుకుని పడుంది. అది ఎందుకు కాలిందో నువ్వు రాసిచ్చే ముక్క మీద మా పెద్దమేస్త్రీ ఉద్యోగం వేలాడుతోంది. మూడు రోజుల నుంచి ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టారు. రేపు పదింటికి మేనేజరు నీ కాగితం చదివి, ఉంచాలో పంపాలో తేలుస్తాడు. తేల్చేదేముందిలే, మనసులో ఎప్పుడో పంపేశాడు. రోజూ చూసినట్టు రిజిస్టర్లో సంతకం మేస్త్రీది కదా!

అందుకే అంటున్నా, 'మూడు ఫేజుల కరెంటులో ఒక ఫేజు పోయింది' అని రాసెయ్. ఎంత ముద్దొచ్చే అబద్ధమో చూడు. తప్పు కరెంటు మీదకి పోతుంది. కరెంటుకి పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, పరువు అసలే లేదు. మేస్త్రీ బతుకుతాడు, నేను బతుకుతా, మేనేజరు ఎవరో ఒకర్ని తిట్టుకుని సుఖపడతాడు. ఎవరికి నష్టం చెప్పు?

ఏంటి, ఆ మూడు తీగ గుత్తులూ తీసి అలా పక్కపక్కన పేరుస్తున్నావ్?

తెలుసు బాబాయ్. ఫేజుకో గుత్తి కదా, ఒక ఫేజు పోతే ఒక గుత్తి అయినా కొత్త రాగిలా మిగలాలి. ఇవి మూడూ ఒకేలా బొగ్గయిపోయాయి. అంటే లోపల వేడి మెల్లగా, రోజుల తరబడి, పక్షపాతం లేకుండా ఉడికించింది. నేనూ వీడియోలు చూశాలే. నా చదువంతా ఫోన్లోనే అయిందిగా. పట్టా లేదు, పట్టుదల ఉంది. అదే కొంప ముంచింది.

మొదట మేస్త్రీ కథ చెప్పాలి. ఆయన పద్ధతి ఏంటంటే, పొద్దున్నే మోటారు మోటారుకీ వెళ్ళి, పసిపిల్లకి జ్వరం చూసినట్టు చెయ్యి ఆనించి లెక్కపెట్టేవాడు. పది దాకా చెయ్యి ఆగితే, 'బాగుందమ్మా' అని ముందుకి. అయిదుకే లాగేస్తే నిలబడి ఆలోచిస్తాడు. రెండుకే లాగేస్తే బెల్టు ఆపుతాడు. శనివారం శనివారం బ్రష్షు పట్టుకుని, ఫ్యాన్ మూతల మీద పేరుకున్న కాగితపు నూగు దులుపుతాడు. ఆ నూగు దూదిలా పడుతుంది బాబాయ్, వదిలేస్తే మోటారుకి ముక్కు మూసేసినట్టే.

నాకు మొదటి టెస్టరు చేతిలో పెట్టింది కూడా ఆయనే. 'ఆడపిల్లకి మోటార్లేంటి' అని మిగతావాళ్ళు ఇకిలిస్తుంటే, 'మోటారు అడగలేదుగా' అన్నాడు. అంతే అన్నాడు.

ఆ రుణం నేను ఎలా తీర్చుకున్నానో విను.

గన్ను తెప్పించుకున్నా. అదే, దూరం నుంచి ఎర్రచుక్క పెట్టి నొక్కితే వేడి ఎంతో అంకెలో చూపిస్తుందే, అది. నడుముకి దోపుకుని తిరిగా. నాకు 'గన్నమ్మ' అని పేరు పెట్టారు. నేను మురిసిపోయా కూడా! సిగ్గు లేదు, చెప్తున్నాగా.

అప్పుడే యజమాని వస్తున్నాడని మేనేజరుకి ఒళ్ళంతా కంగారు. మోటార్లన్నిటికీ వెండి రంగు వెయ్యమన్నాడు. వేశాం. నా చేతుల్తో నేనే వేశా, రెండు పూతలు. కడిగిన గిన్నెల్లా మెరిశాయి. ఎన్ని ఆంపియర్లో చెప్పే రేకు మీద కూడా వేసేశా, పాపం దానికి మాత్రం అందం వద్దా? పైన పటారం, లోన లొటారం. యజమాని రెండు నిమిషాలు నిలబడ్డాడు, టీ తాగాడు, మోటార్ల వైపు చూడనే లేదు.

తర్వాత కొత్త ఆర్డరు వచ్చింది. దళసరి అట్ట, బరువు పెట్టెలు. గంటకోసారి తొమ్మిదో నెంబరు ట్రిప్పు! బెల్టు ఆగుతుంది, పెట్టెలు గుట్టపడతాయి, మేనేజరు గొంతు షెడ్డు రేకుల్ని లేపేస్తుంది. నేను గన్ను పెట్టి చూశా, యాభై ఎనిమిది. చల్లగానే ఉంది కదా! మరి ట్రిప్పెందుకు? మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే రిలే ఉందే, దాని డయలు తప్పన్నమాట. పానెల్ తాళం నా దగ్గరే. ఆరున్నర ఆంపియర్ల దగ్గరున్న డయలుని చిన్న స్క్రూడ్రైవరుతో తొమ్మిదికి తిప్పా. చెవిలో గులిమి తీసుకున్నంత తేలిక.

ట్రిప్పులు మాయం. చప్పట్లు బాబాయ్, నిజంగా చప్పట్లు కొట్టించాడు మేనేజరు. 'చదువుకున్నవాళ్ళకంటే నయం' అన్నాడు. నాకు ఆ ఒక్క ముక్క చాలు, నెల రోజులు అన్నం అక్కర్లేదు.

మేస్త్రీ మాత్రం తొమ్మిదో నెంబరు దగ్గర చెయ్యి ఆనించి, 'ఒకటి' అయినా అనకుండా లాగేశాడు. వేళ్ళు ఊదుకుంటూ, "పాపా, ఇది కాలుతోంది. ఆపుదాం" అన్నాడు.

నేను గన్ను తీశా. అందరూ చూస్తున్నారు మరి! ఎర్రచుక్క పెట్టా, అంకె చూపించా. అరవై ఒకటి. "మేస్త్రీగారూ, మోటారు బానే ఉంది. మీ చేతికే జ్వరమొచ్చినట్టుంది" అన్నా.

ఎంత నవ్వారనుకున్నావ్! మేనేజరు కూడా వంగి నవ్వాడు. మేస్త్రీ ఆ చేతిని ఒకసారి చూసుకున్నాడు, తీసి జేబులో పెట్టుకున్నాడు.

మళ్ళీ బయటికి తియ్యలేదు బాబాయ్. పొద్దున్నే నేను గన్నుతో అంకెలు చదవడం, ఆయన రిజిస్టర్లో రాసి సంతకం పెట్టడం. నూగు దులపడం కూడా మానేశాం. చల్లగా ఉన్నదానికి విసనకర్ర ఎందుకని నేనే అన్నా.

పదకొండు రోజులు. పన్నెండో రోజు తొమ్మిదో నెంబరు లోంచి పొగ.

మేనేజరు అందరి ముందూ మేస్త్రీని నిలబెట్టి అడిగాడు. నేను పక్కనే ఉన్నా. ఇప్పుడు చెప్తాడు, 'నేను చెప్తే ఈ పిల్ల నవ్వింది' అంటాడు అనుకున్నా. అనలేదు. "సంతకం నాది, తప్పు నాదే" అన్నాడు. టిఫిన్ క్యారియరు తీసుకుని వెళ్ళిపోయాడు.

నా పేరు చెప్పుంటే ఎంత హాయిగా ఉండేదో! ఆయన్ని నాలుగు తిట్టుకుని ప్రశాంతంగా పడుకునేదాన్ని. మంచివాళ్ళతో ఇదే గొడవ. మనకి తిట్టుకునే సదుపాయం కూడా ఉంచరు.

గన్ను అబద్ధం చెప్పిందా అంటావా? అదీ లేదు. గన్నుతో పాటు పెట్టెలో ఓ చిన్న పుస్తకం వచ్చింది. లోకంలో ఉన్న వీడియోలన్నీ చూశాను గానీ ఆ పుస్తకం తెరవలేదు. నిన్న మధ్యాహ్నం తెరిచా. 'మెరిసే వాటి మీద ఈ గన్ను అసలు వేడిని చూపించదు, తక్కువ చూపిస్తుంది, నల్ల టేపు అంటించి చూడండి' అని ఉంది. అక్షరాలు చీమంతే, విషయం ఏనుగంత.

వెళ్ళి ఏడో నెంబరు మీద నల్ల టేపు ముక్క అంటించా. కాసేపాగి చూశా. వెండి రంగు మీద అరవై ఒకటి. పక్కనే టేపు మీద తొంభై రెండు.

అంటే ఆ రోజు తొమ్మిదో నెంబరు తొంభై పైనే ఉంది. ఆయన చెయ్యి నిజం చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు కదా, ఇక్కడ చెయ్యి కాలింది ఆయనది, ఆకుల కోసం వెతుకుతున్నది నేను.

సరే, ఏడ్చింది చాలు. రాస్తావా, రాయవా?

దారం ఎందుకు తీశావ్ బాబాయ్? తియ్యకన్నానుగా.

ఏంటీ? మిగతావా?

మిగతా పదకొండూ... వాటి డయళ్ళూ తొమ్మిది దగ్గరే ఉన్నాయి. ఒక్కదానికి చేసి మిగతావాటిని చిన్నబుచ్చడం ఎందుకని అన్నిటికీ తిప్పా. ఈ కాగితం గొడవ తేలాక, ఎవరికీ తెలియకుండా రోజుకొకటి వెనక్కి తిప్పుదామనుకున్నా. ఇవాళే తిప్పితే ఇవాళే ట్రిప్పులు మొదలు, 'ఏం చేశావ్' అని మేనేజరు... అవును బాబాయ్, నడుస్తున్నాయి. ఇప్పుడే, ఈ నిమిషం. మధ్యాహ్నం షిఫ్టు.

ఎవరు చూస్తున్నారంటే... మేస్త్రీ ఇంట్లో ఉన్నాడు. నేను నీ బల్ల ముందున్నా.

ఎవరూ చూడట్లేదు.

ఆ ఎండు కాగితపు నూగు మధ్యలో తొంభై రెండు డిగ్రీలు, అంటుకోడానికి ఒక్క రవ్వ చాలు. అట్టలు ఏరేవాళ్ళు ఆరుగురు దాని పక్కనే కూర్చుంటారు. నేను ఇక్కడ కూర్చుని కరెంటు మీద తప్పు ఎలా తొయ్యాలా అని నీకు నచ్చజెబుతున్నా! శభాష్ గన్నమ్మా.

వద్దులే, ఆ కాగితంలో నిజమే రాయి. వేడికి ఉడికిందని, డయలు పెంచారని రాయి. ఎవరు పెంచారో రేపు పదింటికి నేనే నోటితో చెప్తా.

ముందు ఫోను చెయ్యాలి. మేనేజరుకా? ఆయన 'ఎందుకు' అంటాడు. గన్ను ఎంత చూపిస్తోందంటాడు. ఆ ఎందుకులు తేలేసరికి ఏడో నెంబరు నీ బల్ల మీదకి వచ్చేస్తుంది. ఆయనకి తర్వాత చేస్తా, తప్పించుకోనులే. మేస్త్రీ ఇల్లు ఫ్యాక్టరీ వెనక గేటుకి ఎదురుగానే. ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టారు గానీ, వాచ్‌మన్ ఇప్పటికీ ఆయన్ని చూస్తే లేచి నిలబడతాడు. ఆయన ముందు ఆపుతాడు, తర్వాత అడుగుతాడు. అడుగుతాడో లేదో కూడా తెలియదు. అదే నా భయం.

మేస్త్రీ ఫోన్ నెంబరు చెప్పు బాబాయ్.

అవును, నా దగ్గర లేదు! ఏడాదిన్నర ఒకే షెడ్డులో పనిచేశాం, ఆయన నెంబరు ఎప్పుడూ అడగలేదు. నాకెందుకు మరి, నడుముకి గన్ను ఉండగా?

ఊఁ, చెప్పు. నొక్కుతున్నా.