మందు మీద నీళ్ళు ఇవ్వలేదు

నా పేరు యోనా. వయసు ఇరవై రెండు. ఐర్లండులో కిల్డేర్ కౌంటీ నేస్ పట్టణంలో మా అక్క జెమీమా ఇంట్లో ఉంటాను. గోదాములో పార్సిళ్ళు సర్దే పని చేస్తాను. 2025 జూన్ 3, మంగళవారం ఉదయం 11 గంటల 20 నిమిషాలకు నా అంతట నేనే గార్డుల, అంటే ఇక్కడి పోలీసుల, స్టేషనుకు వచ్చి ఈ వాంగ్మూలం తెలుగులో రాస్తున్నాను. నేను చెప్పేది నా మీదే సాక్ష్యం కావచ్చని గార్డు ముందే చెప్పారు. కావాలనే వచ్చాను.

తప్పు జరిగింది. చేసింది నేను, డాక్టర్ సత్యవాణి గారు కాదు. మే 17, శనివారం ఉదయం 8:10కి ఆవిడ పళ్ళ క్లినిక్ గాజు తలుపు మీద ఎర్ర రంగుతో "పిల్లల నోట్లో నాసిరకం సిమెంటు" అని రాసింది నేను. అవే మాటలతో కరపత్రం వేసి నూట ఇరవై ఇళ్ళలో పంచిందీ, మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టిందీ నేనే.

నేను కాలేజీలో కన్నా కరపత్రాల్లో ఎక్కువ చదువుకున్నాను. వీధిలో ఎవరు కాగితం చేతిలో పెట్టినా బస్సులో చివరిదాకా చదువుతాను. అన్యాయం చేసేవాడు ఎప్పుడూ అవతలే ఉంటాడని వాటిల్లో రాసి ఉంటుంది. నమ్మాను.

అక్క కూతురు లోహితకు ఆరేళ్ళు. ఏడాదిన్నరగా ఫిట్స్ వస్తున్నాయి. అక్క ఆసుపత్రిలో నర్సు, పన్నెండు గంటల షిఫ్టులు. అందుకని పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి సిరప్ పోసేది నేను. మా అమ్మ తెనాలి నుంచి ఫోనులో చెప్పింది: "ఒరేయ్, మందు మీద నీళ్ళు పొయ్యమాకు, పలచబడుద్ది." మా ఇంట్లో అందరం అలాగే పెరిగాం. నీళ్ళు ఇవ్వలేదు.

నిరుడు నవంబరులో ఒక పూట మందు మరచిపోయాను. పాప వంటగదిలో పడిపోయింది. పొయ్యి మీది గడియారంలో నాలుగు నిమిషాలు గడిచేదాకా ఫిట్స్ ఆగలేదు. ఆ తరువాత చుక్క కూడా వృథా కానివ్వలేదు. సిరప్ నోట్లో పట్టుకుని ఇరవై లెక్కపెట్టాకే మింగమనేవాణ్ణి. నోరు మూసి ఉంటుంది కదా, పాప లెక్కకు వేళ్ళు ఒక్కొక్కటే మడిచేది. పొద్దున ఇరవై, సాయంత్రం ఇరవై. పళ్ళు తోమేది పొద్దున లేవగానే, అదీ మందుకు ముందే. సాయంత్రం మందు పడగానే పడుకునేది. నీళ్ళు ఇవ్వలేదు.

ఫిబ్రవరిలో సత్యవాణి గారు పాపకు పుచ్చిన రెండు పళ్ళకు సిమెంటు పెట్టారు. మే 12, సోమవారం టిఫిన్ తింటుంటే ఒకటి ఊడి పళ్ళెంలో పడింది. రెండోది అంచులు అరిగి గుంట పడింది. మే 14న క్లినిక్కు వెళ్ళి నిలదీశాను.

"మీరు పెట్టింది మూడు నెలలు ఆగలేదు. షాపులో దొరికే బంక నయం."

"కూర్చో బాబూ."

"కూర్చోను."

"మందు వేశాక పాపకి నీళ్ళు తాగిస్తున్నావా?"

"మందు ఎట్లా వెయ్యాలో మాకు తెలుసు. మీ సిమెంటు సంగతి చెప్పండి."

ఆవిడ కోప్పడలేదు. అదే సిమెంటు నా కళ్ళ ముందే కలిపి, కందిబద్దంత బిళ్ళలు రెండు చేశారు. గట్టిపడ్డాక రెండు చిన్న సీసాలతో కలిపి ఇచ్చారు. "ఒకటి నీళ్ళలో వెయ్యి, ఒకటి మీ సిరప్‌లో వెయ్యి. రోజూ మార్చు. రెండు వారాలయ్యాక గోటితో రాసి చూడు. నోట్లో జరిగేదంతా ఇందులో కనపడదు. కానీ నువ్వు నా మాట వినవు, నీ గోటి మాట వింటావు."

ఆవిణ్ణి బయటపెట్టడానికి పనికొస్తాయని బిళ్ళలు తీసుకున్నాను. రెండు వారాలు ఆగకుండా మూడో రోజే తలుపు మీద రాశాను. గ్రూపులో కేశవరావు అంకుల్ "శభాష్ తమ్ముడూ, మన పిల్లల్ని ఎవరూ అక్కడికి పంపకండి" అని పెట్టారు. డెబ్బై మంది బొటనవేళ్ళు ఎత్తారు. డాక్టరు గారు ఒక్క ముక్క రాయలేదు. తేలు కుట్టిన దొంగలా ఉందని నేను వెక్కిరించాను.

రాసింది ఇక్కడిదాకా ఇంగ్లీషులో చెప్తే విని గార్డు, తలుపు సంగతి చాలు, పళ్ళ సంగతి ఎందుకు అన్నారు. రెండూ ఒకటే అన్నాను.

మే 31, శనివారం సాయంత్రం 6:30కి బిళ్ళలు తీశాను. నీళ్ళలోది గోటికింద జారిపోయింది. సిరప్‌లోది గోటికి పట్టుకుంది. గరుకుగా ఉంది, గోట్లోకి తెల్లటి పొడి వచ్చింది. చేతులు మూడుసార్లు కడుక్కున్నాను. ఇంకా ఉన్నట్టే ఉంది. పక్కన లోహిత నాలుకతో గుంట తడుముకుంటూ బొమ్మలు వేసుకుంటోంది. నొప్పిగా ఉందా అంటే, బాగానే ఉందన్నట్టు "ఇట్స్ గ్రాండ్, మామయ్యా" అంది. ఏడింటికి మందు పోశాను. పాప అలవాటుగా వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. వద్దమ్మా, మింగేయ్ అన్నాను. ఇప్పుడు గోదాములో పెట్టెలు లెక్కపెట్టేటప్పుడు కూడా ఆ వేళ్ళే కనిపిస్తున్నాయి. ఇరవై దాటలేకపోతున్నాను.

నిన్న క్లినిక్ తలుపు మీద కాగితం చూశాను. రోగులు తగ్గినందువల్ల ఈ నెల 13న మూసేస్తారట. నా ఎర్ర రంగు పూర్తిగా పోలేదు, అక్షరాల అంచులు ఉన్నాయి. ఆవిడకు ఫోను చేశాను.

"గ్రూపులో మీరెందుకు చెప్పలేదు డాక్టర్ గారూ? నీళ్ళ సంగతి అడిగానని ఒక్క మాట చాలు కదా."

"పాప ఏ మందు వాడుతోందో పదిమందిలో నేనెట్లా చెప్తానయ్యా? నా పేషెంటు."

"క్లినిక్ పోతోంది కదండీ."

"నువ్వు భయపడి మందు ఆపొద్దు. అది ముందు. సిరప్‌లోని పులుపు పళ్ళ మీద ఉండిపోతుంది, వేశాక నీళ్ళు తాగించు, రెండు పూటలా తోమించు."

అంతే అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నాకు ఏ శిక్ష వేసినా ఒప్పుకుంటాను. కానీ కోర్టు తేదీ వచ్చేసరికి 13వ తేదీ దాటిపోతుంది. అందుకే ఇది కూడా రాస్తున్నాను, ఉంచమని గార్డును వేడుకున్నాను. ఈ కాగితం నకలు ఇవాళే గ్రూపులో పెడతాను. లోహిత మందు సంగతి అందులో ఉంచడానికి అక్క ఒప్పుకుంది. నా కరపత్రం అందిన ఇళ్ళవాళ్ళూ, బొటనవేళ్ళు ఎత్తినవాళ్ళూ, కేశవరావు అంకుల్, మీరు కూడా, జూన్ 7 శనివారం ఉదయం సరిగ్గా పది గంటలకు ఆ క్లినిక్ తలుపు ముందుకు రండి. పిల్లల్ని తీసుకుని రండి. రెండు బిళ్ళలూ తెస్తాను, మీ గోటితోనే చూసుకోండి. ఆవిడ మాట్లాడరు. నేను మాట్లాడతాను.

పైన ఉన్నదంతా నా చేత్తో రాసి, మళ్ళీ చదువుకున్నాను. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పలేదు. జరిగింది జరిగినట్టే ఉంది.

(సంతకం) యోనా
మధ్యాహ్నం 1 గంట 5 నిమిషాలు