మందం సూటు మల్లన్నకే ఎందుకిచ్చానంటే

నా పేరు గుండేటి శ్యాంసుందర్. తండ్రి పేరు లింగమూర్తి. వయసు ముప్పై నాలుగు. ఉండేది వేములవాడ. టూరిస్టులను సముద్రం అడుగుకు తీసుకుపోయే పడవ మీద మస్కట్‌లో ఆరేళ్లు పనిచేశాను. ఇప్పుడు ఇక్కడే ఉంటూ వ్యవసాయ బావుల్లో పడ్డ మోటార్లు తీస్తున్నాను. కరీంనగర్ ఆసుపత్రిలో మంచం మీద ఉండి, ఎస్సై గారు అడిగినదానికి పూర్తి తెలివితో చెబుతున్నాను.

చనిపోయిన కైలాసం నాకు చుట్టం కాదు. బతికి బయటపడ్డ మల్లన్న మా అక్క కోమల భర్త. ఇద్దరూ ఒకే కాంట్రాక్టరు కింద ఫిట్టర్లు. కైలాసం భార్య కమలవ్వ నా మీద ఇచ్చిన ఫిర్యాదును ఎస్సై గారు చదివి వినిపించారు. ప్రాణమున్న మనిషిని వదిలేసి, నీళ్లలో వేసుకునే రబ్బరు సూటు సొంత బావకు తొడిగానని అందులో ఉంది. మల్లన్నకు తొడిగిన మాట నిజం.

గురువారం పొద్దున పదిన్నర ప్రాంతంలో అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మీ బావ నీళ్లల్ల చిక్కిండు. లోపలికెల్లి పైపు మీద కొడుతున్న సప్పుడు ఇనస్తుందంట. జల్ది రా" అని ఏడ్చింది. నేను నీళ్లలో ఊపిరికి వాడే గాలి బుడ్లు, సూట్లు ఆటోలో వేసుకుని రిజర్వాయర్ కట్ట మీదికి పోయాను.

కట్ట లోపల వాల్వు గది ఉంది. మెట్లు దిగితే చిన్న సొరంగం, దాని చివర నాలుగు మెట్లు ఎక్కితే గది. గది మూతికి ఇనుప చువ్వల గేటు. బావ, కైలాసం లోపల పనిలో ఉండగా పైపు పగిలి రిజర్వాయర్ అడుగు నీళ్లు ఒక్కసారిగా లోపలికి వచ్చాయి. మెట్లు, సొరంగం మునిగిపోయాయి. గది ఎత్తులో ఉండడం వల్ల కప్పు కింద కొంత గాలి మిగిలింది.

నా దగ్గర రెండు సూట్లు ఉన్నాయి. ఒకటి మూడు మిల్లీమీటర్లది, ఒకటి ఐదు. మస్కట్‌లో ఎండాకాలం సముద్రానికి పలచటిది చాలు, చలికాలం మందంది వేసుకుంటాం. ఆ రబ్బరులో గాలి ఉంటుంది. మందం ఎక్కువైతే వెచ్చగా ఉంటుంది, కానీ మనిషిని పైకి తేలుస్తుంది. మునగాలంటే నడుముకు సీసం ఎక్కువ కట్టాలి. నా దగ్గర ఉన్న సీసం పలచటి దానికే సరిపోతుంది. అందుకే పలచటిది వేసుకున్నాను. కాంట్రాక్టరు మనిషి అక్కడే ఉన్నాడు. "మన దిక్కు నీళ్లకు గిదంత ఎందుకన్నా, గిది కశ్మీరా?" అన్నాడు.

నడుముకు తాడు కట్టుకుని దిగాను. మెట్లు దాటగానే చలి ఎముకల్లోకి దిగింది. జనవరిలో అడుగు నీళ్లు అవి. చేతులకు తొడుగులు లేవు. గేటు దగ్గర తల పైకెత్తితే గాలి తగిలింది. చువ్వల అవతల మల్లన్న బావ ముఖం కనిపించింది. ఒక చేత్తో పైపు పట్టుకుని, ఇంకో చేత్తో కైలాసం చొక్కా కాలరు పట్టుకుని ఉన్నాడు.

"వచ్చినవా బామ్మర్దీ" అన్నాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "కైలాసమన్న జరసేపటికెల్లి మాట్లాడుతలేడు. నాకు ఈత రాదు. చెయ్యి గుంజుతుంది. నేను ఇడిస్తే మునుగుతడు."

గేటు లాగాను. విరిగిన పైపు అడ్డం పడి ఉంది, కదల్లేదు. చేయి పట్టేంత సందు మాత్రం ఉంది. ఫైరు వాళ్ల కట్టర్లు, పెద్ద మోటార్లు రావడానికి సాయంత్రం అవుతుందని పైన అన్నారు. సాయంత్రం దాకా బావ చేయి ఆగదు.

పైకొచ్చి మందం సూటు తీసుకున్నాను. అది మునగదు కాబట్టి ఆటోలో పడి ఉన్న మా బాపు బట్టలు నేసే సాంచా బరువు, ఇనుపది, దానికి కట్టాను. ఇంకో గాలి బుడ్డి కూడా పట్టుకుని దిగాను. లోపలివాళ్లకు ఊపిరాడాలని గేటు దగ్గర బుడ్డి మర తిప్పి గాలి వదిలాను. బరువు విప్పి సూటు సందులోంచి తోశాను.

బావ తీసుకోలేదు. "ముందు కైలాసమన్నకు తొడుగు. నాకంటె ఆయనే సల్లగున్నడు" అన్నాడు.

సందులోంచి చేయి పెట్టి కైలాసం మెడ మీద వేళ్లు ఆనించాను. ఏమీ తెలియలేదు. ముక్కు కింద పెట్టాను. ఏమీ తెలియలేదు. అప్పుడు నా మెడ నేను తాకి చూసుకున్నాను. నా నాడి కూడా నాకు దొరకలేదు. వేళ్లకు స్పర్శ లేదు.

స్పృహ లేని మనిషికి చువ్వల ఇవతలి నుంచి ఆ సూటు తొడగడం నాతో కాదు. తనకు తాను తొడుక్కోగలిగింది బావ ఒక్కడే. "ఆయనకు ఇంకోటి తెస్త, తేలుకుంట నువ్వే తొడుగుదువు. ముందు నువ్వు తొడుక్కో బావా" అన్నాను.

"నిజంగ తెస్తవా?"

"తెస్త."

"అక్క మీద ఒట్టు పెట్టు."

పెట్టాను. అతను కాళ్లు దూరుస్తుంటే కైలాసాన్ని నేను సందులోంచి పట్టుకున్నాను. జిప్పు వీపుకు రావాలి. వెనక్కి చేయి పోదని ముందుకు తిప్పి వేసుకోమన్నాను. వేసుకోగానే నీళ్లు అతన్ని పైకి తేల్చాయి. పైపు వదిలేసి రెండు చేతులతో కైలాసాన్ని పట్టుకున్నాడు. "ఇగ పో, జల్ది తే" అన్నాడు.

పైకొచ్చి ఒంటి మీది పలచటి సూటు విప్పాను. ఇంకో సూటు లేదు. దాన్ని చుట్టి చంకలో పెట్టుకుని చొక్కా లాగుతోనే మళ్లీ దిగబోయాను. అక్క నా చేయి పట్టుకుంది. "వద్దు తమ్మీ, నువ్వు నీలంగైనవ్" అన్నది. విడిపించుకుని దిగాను.

సొరంగం దాకా పోయాను. అక్కడ కాళ్లు ఆడడం మానేశాయి. ముందుకు పోదామనుకుంటే మోకాళ్లు మడత పడ్డాయి. చంకలోని సూటు జారి పైకి పోయి కప్పుకు అంటుకుంది. అందుకోవడానికి చేయి చాపాను, వేళ్లు మూసుకోలేదు. మూడుసార్లో నాలుగుసార్లో చాపి ఉంటాను. నోట్లో గాలి గొట్టం పట్టు తప్పింది, నీళ్లు మింగాను. తాడుతో పైకి లాగారని తర్వాత చెప్పారు. నాకు తెలివి వచ్చేసరికి ఆసుపత్రిలో ఉన్నాను.

సాయంత్రం ఫైరు వాళ్లు నీళ్లు తోడి గేటు కోశారు. బావ ప్రాణంతో ఉన్నాడు. కైలాసాన్ని ఇంకా పట్టుకునే ఉన్నాడని, చేతులు విడదీయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారని అక్క చెప్పింది.

శుక్రవారం పొద్దున కమలవ్వ వార్డుకు వచ్చింది. ఏడవలేదు. మంచం పట్టె మీద చేయి పెట్టి నిలబడింది.

"నిజం చెప్పు తమ్మీ. నువ్వు మీ బావకు తొడిగినప్పుడు మా ఆయనకు పానం ఉండెనా?"

"తెల్వదవ్వా" అన్నాను.

"ముట్టుకుంటివి కద?"

"ముట్టుకున్న. తెల్వలే."

"తెల్వకుంటనే మీ బావకు ఇస్తివా?"

నేను అవునన్నాను. ఆమె అక్కడి నుంచి నేరుగా స్టేషనుకు పోయింది.

తర్వాత కాంట్రాక్టరు మనిషి వచ్చాడు. "నువ్వు పోయేసరికే సచ్చిండని చెప్పు. నీకు పరేషాన్ ఉండది, మాకు ఉండది" అన్నాడు. మా అక్క కూడా అదే చెప్పమని కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. బావ పక్క వార్డులో ఉన్నాడు. నాతో మాట్లాడడం లేదు. ఇంకో సూటు తెస్తానని ఒట్టు వేశాను, తేలేదు.

కైలాసం అప్పటికే చనిపోయాడని నేను చెప్పను. బతికి ఉన్నాడనీ చెప్పలేను. చనిపోయాడని గట్టిగా తెలిసి ఉంటే మూడోసారి దిగేవాణ్ని కాదు. కమలవ్వకు చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. ఆమె ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలని నేను అడగడం లేదు.

పైన రాసింది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, ఇందులో అబద్ధం లేదు. చదువు వచ్చినా వేళ్లు కలం పట్టడం లేదు కాబట్టి వేలిముద్ర వేస్తున్నాను.

గుండేటి శ్యాంసుందర్, ఎడమ బొటనవేలి ముద్ర