లాప్‌టాప్ ఎత్తు బెల్లం

మెదక్‌లో పెద్దచర్చికి పోయే దారి. అసద్ కంప్యూటర్ల దుకాణం. కౌంటర్ ముందు మహతి, చంకలో పాలు తాగే కూతురు మిట్టు. పక్కన అత్త శివమ్మ.

"గింతేనా? ఏదీ, ఇంకొకసారి ఇయ్యి, పట్టుకొని చూస్త. ఏమే మహతీ, గిది అట్లు పోసే పెనమంత గూడ లేదు గదే!"

"తేలికగుండుడే గదా అత్తమ్మా దీని గొప్ప. అసద్ అన్నా, ఇది పక్కకు పెట్టు. నేను ఇదే తీసుకుంట."

"ఎట్ల తీసుకుంటవ్? అసదూ, ఇంకేమున్నయో చూపియ్యి బిడ్డా. జర దిట్టమైనయి."

"దిట్టం అంటే ఎట్ల పెద్దమ్మా? స్పీడా, మెమరీయా?"

"బరువు."

"బరువా? అందరు తేలికది చూపియ్యమంటరు. బరువున్నది కావాలన్నోళ్లల్ల నువ్వే మొదలు."

"ఆమె మాట పట్టించుకోకన్నా. సోమవారం సంది నాకు నర్సాపూర్‌ల పని. విత్తనాల దుకాణంల లెక్కలు ఎక్కియ్యాలె. ఎవరి లాప్‌టాప్ వాళ్లే తెచ్చుకోవాలన్నరు. రోజు బస్సుల పోవుడు, వచ్చుడు. ఒక చంకల ఇది, ఒక భుజానికి అది. తేలికది లేకుంటే నేనెట్ల పోత?"

"పాపను గూడ తీస్కపోతవా చెల్లె?"

"పాలు తాగే పిల్ల, ఏడ ఇడిసిపెట్టాలె? ఆ దుకాణం మేడమే తెచ్చుకొమ్మన్నది. అన్నా, ఇది వేడెక్కుతదా? పిల్ల పక్కన పెట్టుకుంటే ఏం గాదు గదా? బ్యాటరీలు పేలుతున్నయని ఫోన్ల చూపిస్తున్నరు."

"ఏం గాదు. దీనికి ఫ్యాన్ గూడ లేదు, చప్పుడే చెయ్యది."

"ఫ్యాన్ లేకుంటే వేడి ఎట్ల బయటికొస్తది? లోపల్నే ఉంటదా? లోపల్నే ఉంటే పేలదా?"

"పేలదు చెల్లె."

"నీ పిల్లల పక్కన పెడ్తవా?"

"నా పిల్లలు దాని మీదెక్కి తొక్కుతరు."

"తొక్కితే పేలదా?"

"యా అల్లా!"

"మహతీ, నువ్వు జర ఊకో. అసదూ, నీకు అసలు సంగతి తెల్వదు. నేను ఏడుపాయల వనదుర్గమ్మకు మొక్కిన."

"మంచిదే గదా పెద్దమ్మా."

"ఏం మంచిది? కంప్యూటర్ ఎంత తూగితే అంత బెల్లం ఇస్తనని మొక్కిన. నాకేం తెలుసు? బ్యాంకుల చూసిన నేను కంప్యూటర్. కింద ఒక డబ్బా, మీద ఒక డబ్బా, ఎనకాల బొచ్చెడు వైర్లు. గదే అనుకున్న. గంపెడు బెల్లం అయితదని పక్కింటి యాదవ్వకు చెప్పిన. యాదవ్వకు చెప్తే చేగుంటల ఉన్న ఆమె వియ్యపురాలికి గూడ ఎరికైంది. వాడకట్టంత ప్రసాదానికి వస్తమన్నరు."

"మరి ఇది కిలో చిల్లర పెద్దమ్మా."

"కిలో! కిలో బెల్లం మా ఇంట్ల చాయ్‌లకే ఒడుస్తది. అమ్మవారి ముందట గంత ముద్ద పెట్టి, తల్లీ, మా కంప్యూటర్ గింతే ఉన్నదని చెప్పాల్నా? ఆమె నవ్వదా?"

"అమ్మవారెందుకు నవ్వుతది అత్తమ్మా? యాదవ్వత్త నవ్వుతదని నీ పరేషాన్."

"ఇద్దరు నవ్వుతరు."

"పెద్దమ్మా, ఒక్క నిమిషం. లోపల ఒక మాల్ ఉన్నది. ఎవరో ఆటల కోసమని ఆర్డరిచ్చి మళ్ల రాలే. అట్లనే పడున్నది. ధరల పెద్ద తేడా లేదు. మస్తు పవర్. ఏం పని చెప్పినా ఆగది. ఇగో, ఇది. ఎనక చూడు, రెండు ఫ్యాన్లు."

"నువ్వు గూడనా అన్నా!"

"ఉన్నమాట చెప్తున్న చెల్లె. రేపు బొమ్మలు చేసుడు, వీడియోలు చేసుడు నేర్చుకుంటే తేలికది ఆగుతది, ఇది ఉరుకుతది."

"విత్తనాల లెక్కకు రెండు ఫ్యాన్లెందుకు? మా ఇంట్ల నలుగురికి ఒక్కటే ఫ్యాన్."

"ఇటియ్యి అసదూ... ఆ! వస్తువంటే గిట్లుండాలె. పట్టుకుంటే చెయ్యి కిందికి పోతున్నది. ఎంత తూగుతది?"

"రెండున్నర ఉంటది."

"ఉంటదంటే కాదు. కాంటా మీద పెట్టు."

"నా దగ్గర కాంటా ఏడిది పెద్దమ్మా?"

"పక్కన జయానందం కిరాణంల లేదా?"

"చింతపండు తూకమేసే కాంటా మీద నా మాల్ పెట్టాల్నా? జిగట పడ్తది!"

"కింద పేపర్ ఏసుకో. ఛార్జర్ గూడ పట్టుకపో. అది గూడ కంప్యూటర్‌దే గదా."

"సరే, పోయొస్త. ఇట్లనన్న ఇది దుకాణం బయటికి పోతున్నది. చెల్లె, దుకాణం జర చూస్తుండు."

"అత్తమ్మా, ఇప్పుడు చెప్పు. నన్ను ఎందుకు గిట్ల సతాయిస్తున్నవ్?"

"నేనేం చేసిన?"

"నీ కొడుకు రఘుపతి నన్నే చూసుకొమ్మన్నడు. నాకు ఏది అలకగ ఉంటే అదే తెచ్చుకొమ్మన్నడు."

"వానికేం తెలుసు? పొద్దున పోతడు, రాత్రికొస్తడు. మిట్టు పండ్లు నూరుతున్నదని వానికి తెలుసా? నేను చెప్తేనే తెలిసింది."

"నూరుతున్నదా? ఎప్పుడు? అది మంచిదేనా? దవాఖానకు పోవాల్నా?"

"చూసినవా! నీకే తెల్వదు. బస్సుల గాలికి ఏమైతదో, నర్సాపూర్ అడవి గాలికి ఏమైతదో. విత్తనాలకు మందు పూస్తరు, ఎర్రగుంటది చూడు, అదంత పిల్ల ముక్కుల పోతే?"

"నువ్వు చెప్పకు అత్తమ్మా గట్ల! ముందే నాకు రాత్రంత నిద్ర వస్తలేదు. మేడం వేరే రూము ఇస్తనన్నది. మందు డబ్బాలు అటు పక్కకు ఉంటయన్నది. నేను మూడుసార్లు అడిగిన."

"నాలుగోసారి అడగలే."

"అత్తమ్మా!"

"అడుగు మరి. ఇంట్ల ఉంటే ఏ గాలి లేదు, ఏ మందు లేదు. పొద్దుగాల నేను కాళ్ల మీద ఏసుకొని తానం పోస్త, మాపటికి కిటికీల కూసోని ఆటోలు చూపిస్త. సోమవారం సంది కిటికీల నేనొక్కదాన్నే కూసోని ఆటోలు లెక్కపెట్టాల్నా?"

"ఏమన్నవ్?"

"ఏమనలే. మొక్కు మొక్కే అన్న. ఇగో అసదు వచ్చిండు."

"రెండు కిలోల ఆరువందలు పెద్దమ్మా. ఛార్జర్ తోని మూడున్నరకు జర తక్కువ. ఇజ్జత్ పోయింది నాది. ఒకామె వచ్చి, గిదేం పప్పు అసద్ భాయ్, నాక్కూడ అరకిలో ఇయ్యి అంటున్నది."

"మూడున్నర! గంతేనా?"

"బ్యాగు గూడ కలుపు పెద్దమ్మా. మౌస్ కలుపు. డబ్బా కలుపు, అట్టడబ్బా మస్తు గట్టిది."

"అట్టడబ్బా ఎత్తు గూడ బెల్లం ఇస్తరా అన్నా ఎవరన్న?"

"నాలుగన్న అయితది చెల్లె. మీ అత్తమ్మ కోసమే చెప్తున్న."

"నాలుగైనా నవ్వుతరు. గా మూలకు ఉన్నది ఏంది అసదూ? బట్ట కప్పి ఉన్నది?"

"అది డెస్క్‌టాప్. లెక్కలకు నేను వాడుకుంట. బ్యాటరీ డబ్బాతోని కలిపి పద్దెనిమిది కిలోలుంటది. కానీ—"

"అదే కట్టు!"

"అత్తమ్మా! డెస్క్‌టాప్‌ను బస్సుల ఎట్ల తీస్కపోవాలె?"

"బస్సు మీద ఏస్తరు. మేకలను ఎక్కిస్తలేరా?"

"రోజు ఎక్కియ్యాల్నా? రోజు దించాల్నా?"

"ఎందుకు రోజు? ఇంట్ల బల్ల మీద పెట్టుకో. ఇంట్లనే కూసోని లెక్కలు చెయ్యి. ఫోన్ల పంపు. దునియా అంత ఇంట్లకెల్లే పని చేస్తున్నది."

"ఆ మేడం దుకాణానికి రమ్మన్నది."

"అయితే ఇంకో పని చూసుకో."

"ఇంకో పనా? ఏడున్నది ఇంకో పని? ఇంటర్ సగంల ఆపిచ్చి పెండ్లి చేసిండ్రు. అప్పటి సంది నన్నెవరన్న పనికి పిలిసిండ్రా? ఇప్పుడు ఒక్కరు పిలిసిండ్రు. పిల్లను గూడ తెచ్చుకొమ్మన్నరు. సోమవారం పోకుంటే మంగళవారానికి ఇంకోళ్లను పెట్టుకుంటరు. నేను పోవుడే నీకు ఇష్టం లేదు. బెల్లం కాదు, ఏం కాదు!"

"చెల్లె, కోపం చెయ్యకు, పాప లేస్తది."

"లేవనియ్యి. అసద్ అన్నా, గా రెండు ఫ్యాన్లదే ఇయ్యి. బ్యాగుల పెట్టు. ఛార్జర్ పెట్టు. మౌస్ పెట్టు. అట్టడబ్బా గూడ కట్టు."

"అట్టడబ్బా ఉత్తగనే అన్న చెల్లె..."

"కట్టు. భుజానికి తగిలియ్యి. ఇంకో భుజం కాదు, గీ భుజం. గా పక్క పిల్ల ఉన్నది."

"మహతీ, ఏం చేస్తున్నవ్?"

"బస్టాండ్ దాక నడిసి చూస్త. సోమవారం పోవాలె గదా, అలవాటు కావాలె."

"ఒక దిక్కు వంగిపోతున్నవ్ చెల్లె!"

"వంగనియ్యి."

"పిల్లనన్న ఇటియ్యవే!"

"వద్దు. సోమవారం బస్సుల నువ్వుంటవా ఎత్తుకునేటందుకు? జరుగన్నా, తొవ్వియ్యి."

"మెట్టున్నది! చెల్లె, మెట్టు చూసుకో!"

"ఆగవే! ఆగు! అసదూ, దాని భుజం పట్టు! పడితే ఎట్లనే పిల్లతోని!"

"పడలే. ఇగో, నిలబడ్డ. రేపు గూడ ఇట్లనే నిలబడ్త. డెస్క్‌టాప్ కట్టినా నెత్తి మీద పెట్టుకొని పోత అత్తమ్మా. పద్దెనిమిది కాదు, ముప్పై తూగనియ్యి."

"దించు."

"దించ."

"దించు బిడ్డా. భుజం ఎర్రగయింది చూడు. పాలు తాపేదానివి, గింత బరువు మోస్తరా ఎవరన్న? అసదూ, తియ్యి, గా బ్యాగు తియ్యి దాని మీదికెల్లి."

"తీస్త పెద్దమ్మా. అయితే ఏది కట్టాలె?"

"గా పెనం లెక్కదే కట్టు."

"తేలికదా? నిజంగనా అత్తమ్మా?"

"ఎన్నిసార్లు చెప్పాలె? పేలదు గదా అసదూ?"

"నువ్వు గూడ షురూ చేసినవా! పేలదు. అల్లా కసం."

"అయితే కట్టు. మిట్టును గూడ ఇటియ్యి మహతీ, నువ్వు భుజం రాసుకో."

"అత్తమ్మా... మరి మొక్కు? తక్కువైతే అమ్మవారు నారాజ్ కాదా? నువ్వు కోపాన ఒప్పుకుంటున్నవ్, రేపు అమ్మవారి కోపం పిల్ల మీదికొస్తే?"

"పిల్లకేం గాదు."

"కిలో అయితే కిలో. జయానందం అంకుల్ దగ్గర ఇప్పుడే తీసుకుందాం. దీన్ని గూడ ఆయన కాంటా మీదనే తూకమేద్దాం, తేడా రాదు."

"ఒక్క ముక్క గూడ ఇచ్చేది లేదు."

"గదెట్ల అత్తమ్మా?"

"అవ్ పెద్దమ్మా, గదెట్ల? దేవునితోని మాట అది. యాదవ్వకు ఏం చెప్తవ్? చేగుంటోళ్లకు ఏం చెప్తవ్? మొక్కినవ్, మొక్కిన పని అయింది, ఇయ్యకుంటే—"

"పని ఏడయిందిరా? కంప్యూటర్ మా ఇంటికి రావొద్దని గదా నేను మొక్కింది!"